రెఫ్యూజియం అడుగున ఎర్ర జిగురు, పలుచబడుతున్న చేటో – సాఫ్ చేసుడు ఎట్ల?

నల్లగొండ_సంప్:

అన్నలకు, అక్కలకు నమస్తే. ఉప్పునీళ్ల ట్యాంకు నల్లగొండ టౌన్‌ల ఉన్నది. పైన ట్యాంకు 120 × 45 × 45 సెంటీమీటర్లు, కింద సంపు (నీళ్లు సాఫ్ అయి మల్ల పైకి పోయే తొట్టి) 90 × 38 × 38. మొత్తం కలిపి నీళ్లు దగ్గర దగ్గర 245 లీటర్లు. సంపులో మధ్య అర రెఫ్యూజియం (నాచు, సన్న పురుగులు పెంచే అర): 38 × 35, నీటి లోతు 25 సెంటీమీటర్లు, అంటే 33 లీటర్లు. అడుగున రెండు అంగుళాల ఇసుక, దాని మీద రాళ్ల ముక్కలు, పైన చేటో (నీళ్లు సాఫ్ చెయ్యనీకి పెంచే సముద్రపు నాచు).

ఇప్పటి పరిస్థితి రాస్తున్న. చేటో మొదట్ల ముదురు పచ్చగ, తీగ లెక్క గట్టిగ ఉండె. ఇప్పుడు తెల్లబడి పలుచగ అయితున్నది, ముట్టుకుంటే తునుగుతున్నది. ఇసుక మీద గోధుమరంగు ఒండ్రు వేలు మందాన పేరుకున్నది. ఒండ్రు మీద ఎర్రటి జిగురు పొరలు పొరలుగ వస్తున్నది, లోపల గాలి బుడగలు. చేత్తో తీసేస్తే మూడో రోజుకల్లా మల్ల వస్తున్నది.

లెక్కలు: ఉప్పు (నీటి సాంద్రత లెక్కల) 1.026. నైట్రేట్ 40 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు). ఫాస్ఫరస్ చెకర్ (నీళ్లు పరీక్షించే చిన్న మీటరు) 115 చూపిస్తుంది, అంటే ఫాస్ఫేట్ 0.115 అనుకోవాల్నా? మధ్యాహ్నం నీటి వేడి 30.5 నుంచి 31. లైటు ఇంట్ల వాడే 10 వాట్ల తెల్ల ఎల్ఈడీ బల్బు, రాత్రి 12 గంటలు. రెఫ్యూజియంలోకి నీళ్లు రిటర్న్ పైపు (సంపు నుంచి పైకి తోలే పైపు) నుంచి టీ జాయింటు వేసి వాల్వుతోని ఇస్తున్న, లీటరు జగ్గు నిండనీకి 50 సెకండ్లు పడుతుంది. టాప్‌అప్‌కు ఇంటి ఆర్ఓ నీళ్లు, టీడీఎస్ (నీళ్లల్ల కరిగిన లవణాల లెక్క) 45. ఆర్ఓకు వచ్చేది బోరు నీళ్లు, వాటి టీడీఎస్ 900.

అడిగేది మూడు. ఒకటి, ఇసుక అంతా ఒక్కసారే కడగొచ్చా? రెండు, చేటో తీసేసి కాలర్పా (ఇంకో రకం సముద్రపు నాచు) వేస్తే ఎట్లుంటది? మూడు, సీ కుకుంబర్ (సముద్ర దోసకాయ అనే మెత్తటి జీవి) వేస్తే బురద తింటదని షాపుల చెప్తున్నరు, నిజమేనా?

పాలమూరు_రీఫ్:

ముందుగాల మూడో ప్రశ్న, ఎందుకంటే అది చట్టం సంగతి. సీ కుకుంబర్లు మన దేశంల 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1 (గట్టి రక్షణ ఉన్న జీవుల పట్టిక)లో ఉన్నయ్. అన్ని రకాలూ. కొనొద్దు, పెట్టొద్దు. గట్టి పగడాలు కూడ అదే ఏడు అదే షెడ్యూల్‌లోకి వచ్చినయ్, కాబట్టి సముద్రంల నుంచి తీసిన పగడపు రాయి అని ఎవరన్న అమ్మితే దాని జోలికి పోవద్దు. సిరామిక్ మీడియా (బాక్టీరియా ఉండనీకి సందులున్న ముక్కలు), వట్టి రాయి చాలు. పైగా సీ కుకుంబర్ ట్యాంకుల చచ్చినా, పంపుకు తగిలి తెగినా దాని విషం చేపలన్నిటినీ తీస్కపోతది. ఇసుక పైపొర కదిలియ్యనీకి నసేరియస్ నత్తలు నాలుగైదు చాలు. హెర్మిట్ పీతలను మాత్రం రెఫ్యూజియంల వెయ్యకుర్రి, అవి కోపీపాడ్లు, యాంఫిపాడ్లు అనే సన్న రొయ్యల లాంటి పురుగులను బతకనియ్యవు.

ఇగ మొదటి ప్రశ్న. ఒక్కసారే కడగొద్దు. రెండు అంగుళాల ఇసుక మీద వేలు మందం ఒండ్రు ఉన్నదంటే కింద గాలి ఆడని పొర తయారయ్యే ఉంటది. సంపు అద్దానికి లైటు పెట్టి పక్కనుంచి చూడుర్రి. ఇసుకల నల్లటి మచ్చలు కనిపిస్తే అక్కడ హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నట్టే. దాన్ని కలిపితే కుళ్లిన గుడ్డు వాసన వస్తది, ఆ నీళ్లు పైన ట్యాంకులకు పోతే చేపలు నీటి పైకొచ్చి నోరు తెరుస్తయి. అందుకే భాగాలుగ తియ్యాలె.

వరుస ఇట్ల పెట్టుకోండి.

రిటర్న్ మోటరు బంద్ చేసి, టీ వాల్వు మూసేసి పది నిమిషాలు ఆగాలె. నీళ్లు నిలకడ అయినంక ఇంకేదీ ముట్టకముందే ఎర్ర జిగురు తియ్యాలె. దానికి సన్నది, 6 మిల్లీమీటర్ల ఎయిర్ పైపు సైఫన్ సరిపోతది. పైపు మూతిని పొర అంచుకు ఆనిస్తే అది పాల మీది మీగడ లెక్క మడుచుకొని ఒక్క ముక్కగ లోపలికి పోతది. చేత్తో పట్టుకుంటే తునిగి ముక్కలు ట్యాంకంతా తిరుగుతయి. మూడో రోజుకు మల్ల వస్తున్నదంటే ఇదొక కారణం.

తర్వాత చేటో. బకీటుల ట్యాంకు నీళ్లే 8–10 లీటర్లు తీస్కొని చేటోను అందులో ముంచి గట్టిగ జాడియ్యాలె. నల్లా నీళ్లల్ల కడగొద్దు, ఉప్పు తేడాకు అందులున్న పురుగులన్నీ చస్తయి. రెండు మూడు సార్లు జాడిచ్చినంక బకీటును పది నిమిషాలు కదలకుండ పెట్టుర్రి. ఒండ్రు అడుక్కు దిగుతది. యాంఫిపాడ్లు, కోపీపాడ్లు బకీటు గోడలకు పాకుతయి, టార్చి వేస్తే తెల్లటి చుక్కలు ఉరుకుతున్నట్టు కనిపిస్తయి. పై నీళ్లు మెల్లగ రెఫ్యూజియంలకు వంచి, గోడలకు పట్టినయి కొంచెం ట్యాంకు నీళ్లతోని కడిగి అవి కూడ పొయ్యాలె. అడుగు బురద మాత్రమే పారబొయ్యాలె. శానమంది ఈ బకీటును అట్లనే మోరీల పోస్తరు. రెఫ్యూజియం పెట్టుకున్నదే ఆ పురుగుల కోసం, వాటినే పారబోసినట్టు అయితది.

చేటోల తెల్లబడ్డయి, గోధుమరంగు మెత్తటియి ఏరి తీసెయ్యండి. గోరుతోని గిల్లితే తీగ లెక్క ఎదురు తన్నే పచ్చ భాగమే ఉంచాలె. కొబ్బరికాయంత మిగిలినా చాలు.

రాళ్ల ముక్కలను ఇంకో బకీటుల ట్యాంకు నీళ్లల్ల ఆడించి, ప్లాస్టిక్ బుట్టల వేసి మల్ల పెట్టండి. బుట్టకు ఇనుప పిడి, స్ప్రింగు లేకుండ చూసుకోండి. బుట్టల ఉంటే వచ్చేసారి రాళ్లన్నీ ఒక్క చేత్తో పైకి లేస్తయి, కింద సాఫ్ చేసుడు రెండు నిమిషాల పని.

చివరికి ఇసుక. 12 మిల్లీమీటర్ల పైపుతోని ఒక పక్క నుంచి పావు వంతు ఇసుకను ఒండ్రుతో సహా బకీటులకు లాగెయ్యాలె. మిగిలిన ముప్పావును కదిలియ్యొద్దు. వారానికి పావు చొప్పున నాలుగు వారాలకు అడుగు అద్దం కనపడాలె. తీసిన నీళ్లు 25 లీటర్లు దాటొద్దు, అంటే పదో వంతు. ఆ 25 లీటర్లకు కొత్త ఉప్పునీళ్లు ముందురోజే కలిపి, పంపుతోని తిప్పి, అదే వేడికి తెచ్చి పెట్టుకోండి. శాన ఉప్పులకు లీటరుకు 36 నుంచి 39 గ్రాములు పడుతయి, అంటే 900 నుంచి 975 గ్రాములు. డబ్బా మీద రాసింది చూసి వేసుకొని, చివరికి ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తోని సరిచూసుకోవాలె.

నీటి వేగం: లీటరుకు 50 సెకండ్లు అంటే గంటకు 72 లీటర్లు. 33 లీటర్ల అరకు అది రెండింతలు. ఇసుక, రాళ్లు ఉన్న చోట ఈ వేగానికి ఒండ్రంతా అక్కడనే దిగుతది. లీటరు 12–13 సెకండ్లల్ల నిండేటట్టు వాల్వు తెరవండి, గంటకు 280 దాక పోతది. నీళ్లు అడుగు నుంచి దూరి పైకి పోయేటట్టు పైపు మూతిని కింద మూలకు తిప్పండి. చేటో మెల్లగ దొర్లుతుండాలె. దొర్లితే అన్ని పక్కలకూ వెలుగు తగుల్తది, ఒండ్రు దాని మీద నిలువది.

ఫాస్ఫరస్ చెకర్ 115 అంటే 115 పీపీబీ (వంద కోట్ల వంతులల్ల 115) ఫాస్ఫరస్. ఫాస్ఫేట్ కావాలంటే 3.066తోని గుణించి వెయ్యితోని భాగించాలె: 115 × 3.066 ÷ 1000 = 0.35 పీపీఎం. అంటే మీరు అనుకున్నదానికి మూడింతలు. నైట్రేట్ 5–10, ఫాస్ఫేట్ 0.03–0.1 మధ్యల పెట్టుకుంటే చాలు. మీ చెకర్ల అది 10 నుంచి 33 చూపిస్తది. ఫాస్ఫేట్ రిమూవర్ ఎక్కువ పోసి రెండు రోజులల్ల దించకుర్రి, పగడాలు తట్టుకోవు.

గద్వాల_ఉప్పునీళ్లు:

పైన రాసినదాంట్ల ఇసుక సంగతి తప్ప మిగతాదంతా ఒప్పుకుంటా. ఇసుక మొత్తం తీసేస్తే దాంట్ల ఉండే పురుగులు, వానపాముల లాంటి సన్న పురుగులు కూడా పోతాయి. లోతైన ఇసుక పెడితే నైట్రేట్ కూడా తగ్గుతుంది కదా?

కాకుంటే లోతు సరిగ్గా ఉండాలి. 10 సెంటీమీటర్లు, అంతకు మించి ఉంటేనే కింద ఆక్సిజన్ లేని పొర నిలకడగా ఉండి నైట్రేట్‌ను నైట్రోజన్ చేస్తుంది. రెండున్నర సెంటీమీటర్ల లోపైతే సైఫన్‌తో శుభ్రం అవుతుంది. రెండు అంగుళాలు ఈ రెంటికీ చెందదు, మురికి పట్టుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

కృష్ణ ఇసుక వాడి ఉంటే అది కూడా మార్చాలి. అది గ్రానైట్ అరిగిన ఇసుక, రేణువు పదునుగా ఉంటుంది, పీహెచ్‌కు ఏమీ సాయం చెయ్యదు. అరగొనైట్ (సున్నపు ఖనిజం) సన్న ఇసుక వేరు. హుజూర్‌నగర్ దిక్కు సున్నపురాయి ఉచితంగా దొరుకుతుందని ముక్కలు కొట్టి వేసేవాళ్లు ఉన్నారు. ఆ రాయి గట్టిది, లోపల సందులు లేవు, బాక్టీరియాకు ఇల్లు దొరకదు. బరువు తప్ప ప్రయోజనం లేదు.

పాలమూరు_రీఫ్:

గద్వాల అన్నా, 10 సెంటీమీటర్ల ఇసుక అంటే మీరు చెప్పింది కరెక్టే. ఈ అరల నీటి లోతే 25. అందుల 10 ఇసుకకు పోతే చేటోకు మిగిలేది 15. 38 × 35 అడుగు మీద అంత చిన్న ఇసుక మడి 245 లీటర్ల నైట్రేట్‌ను మోయలేదు. పురుగులకు ఇసుకే కావాలని లేదు, రాళ్ల బుట్టల, చేటోల మస్తుగ పెరుగుతయి. నేను ఉత్త అడుగు దిక్కే ఉంటా. ఒండ్రు కంటికి కనపడాలె, కనపడ్డనాడు తియ్యాలె.

ఒక మాట గుర్తుంచుకోండి. చేటో తాగిన నైట్రేట్, ఫాస్ఫేట్ ఎక్కడికీ పోలేదు, చేటో లోపలనే ఉన్నది. చేటోను పిండి బయట పారేసిన రోజే అవి ట్యాంకు నుంచి పోయినట్టు. లోపలనే కుళ్లితే అదంతా మల్ల నీళ్లల్లకు వస్తది. ఇప్పుడు మీ దగ్గర అదే నడుస్తున్నది. నైట్రేట్ 40 ఉండి కూడా చేటో ఎండుకపోతున్నదంటే తిండి లేక కాదు. వెలుగు చాలట్లేదు, మీద ఒండ్రు పట్టింది, నీళ్లు కదలట్లేదు, వేడి ఎక్కువైంది.

మిర్యాలగూడ_చేటో:

నీళ్ల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను, నల్లగొండలో సగం సమస్య అక్కడే మొదలవుతుంది.

టీడీఎస్ 45 తాగడానికి బాగుంటుంది, ట్యాంకుకు బాగుండదు. వేసవిలో రోజుకు 5 లీటర్లు ఆవిరైతే 5 లీటర్లు పోస్తారు. ఆవిరయ్యేది వట్టి నీరు. పోసిన నీళ్లలోని లవణాలు, నైట్రేట్, సిలికేట్, ఫ్లోరైడ్ అన్నీ లోపలే ఉండిపోతాయి. లీటరుకు 45 మిల్లీగ్రాములు అంటే రోజుకు 225, నెలకు దగ్గర దగ్గర 7 గ్రాములు. అది ప్రతి నెలా పేరుకుంటూ పోతుంది.

మన జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పటిక–సున్నం పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టిందే ఈ నేల మీద. సముద్రపు నీటిలో సహజంగానే 1.3 పీపీఎం ఫ్లోరైడ్ ఉంటుంది, ఉప్పు ప్యాకెట్లతో అది వస్తూనే ఉంటుంది. దాని మీద బోరు ఫ్లోరైడ్‌ను రోజూ చేర్చుకుంటూ పోవడం వద్దు. పటిక వేసి తేర్చిన నీళ్లను కూడా ఆర్ఓ లేకుండా వాడొద్దు. పటికలోని అల్యూమినియం కొంచెం మిగిలినా లెదర్ కోరల్స్ లాంటి మెత్తటి పగడాలు ముడుచుకుపోతాయి.

చేయాల్సింది ఇది. ఇంటి ఆర్ఓలో రుచి కోసం ఫిల్టర్ కాని నీళ్లను కొంచెం కలిపే చిన్న స్క్రూ ఉంటుంది, టీడీఎస్ కంట్రోలర్ అంటారు. దాన్ని పూర్తిగా మూసేయాలి. లేదంటే మెంబ్రేన్ నుంచి వచ్చే సన్న పైపునే టీ పెట్టి పక్కకు తీసుకోవాలి, అప్పుడు మినరల్ కాట్రిడ్జ్ కూడా తప్పుతుంది. తాగే నీళ్లకు పాత దారి అట్లాగే ఉంటుంది. తర్వాత డీఐ రెసిన్ (మిగిలిన లవణాలు పట్టే గుళికలు) డబ్బా ఒకటి కలపాలి. దాని నుంచి వచ్చే నీళ్లు మీటరు మీద 0 చూపించాలి. 2 చూపించిన రోజు రెసిన్ మార్చాలి.

బోరు 900 ఉంటే మంచి మెంబ్రేన్ 95 శాతం తీసినా 45 మిగులుతుంది. మీ మీటరు చూపించేదీ అదే అంకె. ఆ 45 రెసిన్ మీద పడితే రెసిన్ తొందరగా అయిపోతుంది. మిషన్ భగీరథ నల్లా ఉంటే మీటరు పెట్టి చూడండి. దాని టీడీఎస్ తక్కువగా ఉంటే దాన్నే ఆర్ఓకు ఇవ్వండి, రెసిన్ ఖర్చు సగానికి పైగా తగ్గవచ్చు. అందులో క్లోరిన్ ఉంటుంది కాబట్టి కార్బన్ ఫిల్టర్‌ను ఆరు నెలలకు తప్పక మార్చాలి, క్లోరిన్ దాటితే మెంబ్రేన్ పాడవుతుంది. క్యాన్ నీళ్లను మాత్రం మీటరు పెట్టకుండా నమ్మొద్దు.

టాప్‌అప్‌కు ఎప్పుడూ మంచినీళ్లే, ఉప్పునీళ్లు కాదు. మూడు రోజులు పోయడం మరిచిపోతే 15 లీటర్లు తగ్గి ఉప్పు లీటరుకు 35 గ్రాముల (మీ 1.026 అంటే అంతే) నుంచి 37 దాటుతుంది. ఆ 15 లీటర్లూ ఒక్కసారే పోస్తే రెఫ్యూజియంలో ఉప్పు దెబ్బ చేటో మీదే ముందు కనిపిస్తుంది, తెల్లబడుతుంది. కొంచెం కొంచెంగా, రిటర్న్ మోటరు ఉన్న అరలోనే పోయండి.

నల్లగొండ_సంప్:

అక్కా, ఆ స్క్రూ దొరికింది, సగం తెరిచి ఉండె. మూసేస్తే 38కి వచ్చింది. రెసిన్ తెప్పిస్తున్న. లైటు గురించి, కాలర్పా గురించి ఎవరన్న చెప్పుర్రి. ఎండల కరెంటు కోతలప్పుడు ఏం చెయ్యాల్నో కూడ.

గద్వాల_ఉప్పునీళ్లు:

లైటు: 10 వాట్ల గోళీ బల్బు వెలుగు నాలుగు దిక్కులా పోతుంది. కిందికి పడేది సగమే. 30 వాట్ల, 6500 కెల్విన్ తెల్ల ఎల్ఈడీ ఫ్లడ్ లైటు తీసుకోండి, వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉండాలి, ఎలక్ట్రికల్ షాపులలో దొరుకుతుంది. ఎరుపు 660, నీలం 450 నానోమీటర్లు కలిసిన మొక్కల లైటు ఉంటే ఇంకా మంచిది. నీటికి 15–20 సెంటీమీటర్ల పైన. రోజుకు 14 గంటలు, పైన ట్యాంకు లైటు ఆరిపోయినాక ఇది వెలగాలి. రాత్రిపూట ట్యాంకులో కార్బన్ డయాక్సైడ్ పెరిగి పీహెచ్ పడిపోతుంది, ఆ టైముకు చేటో దాన్ని తీసుకుంటుంది.

మామూలు ముల్లు టైమర్ వద్దు. కరెంటు పోయినప్పుడల్లా ఆగిపోతుంది, రోజుకు రెండు గంటల కోత ఉంటే ఆరు రోజుల్లో పగలు రాత్రి తారుమారు అవుతాయి. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ తీసుకోండి.

లైటు అద్దం మీద ఉప్పు తెల్లటి పొరలాగా గట్టిపడుతుంది. వారానికి ఒకసారి స్విచ్ తీసి, చల్లారినాక, వెనిగర్ తడిపిన గుడ్డతో తుడవాలి. ఈ ఒక్క పని మరిచిపోయి చేటో చచ్చిందని కొత్త చేటో తెచ్చేవాళ్లు ఎక్కువ. పక్క అరలకు వెలుగు పోకుండా నల్ల అక్రిలిక్ షీటు అడ్డం పెట్టండి, లేకుంటే స్కిమ్మర్ (నురగతో మురికి తీసే పరికరం) మీద, రిటర్న్ మోటరు మీద పాకురు పడుతుంది. వైరు సాకెట్‌కు పోయే ముందు కిందికి వంగి మళ్లీ పైకి లేవాలి, నీటి చుక్క సాకెట్లోకి పోకుండా అక్కడే రాలుతుంది. ఈ లైనుకు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (షాక్ తగిలితే కరెంటు ఆపే స్విచ్) లేకుండా చెయ్యి పెట్టొద్దు.

పాలమూరు_రీఫ్:

కాలర్పా వద్దు. పెరిగినన్ని దినాలు మంచిగనే ఉంటది. ఒక రాత్రి ఒంట్ల ఉన్నదంతా బీజాలుగ నీళ్లల్లకు వదిలేస్తది. పొద్దుగాలకు ఆకు గాజు లెక్క పారదర్శకంగ, నీళ్లు పాలు కలిసినట్టు. తాగిన నైట్రేట్, ఫాస్ఫేట్ అంతా వాపస్, పైగా ఆక్సిజన్ పడిపోతది. 24 గంటలు లైటు వేసి పెట్టేటోళ్లు అది ఆపనీకే పెడతరు, కని పూర్తి భరోసా లేదు. ఇప్పటికే ఎవరి దగ్గరన్న ఉంటే ఆకు తుంచొద్దు, పాకే తీగను మొదలు నుంచి మొత్తంగ కత్తిరించాలె. తెగిన చోట నుంచి రసం కారుతది.

తీసిన నాచును ఏదైనా సరే, చెరువుల, కాలువల వెయ్యకండి. 1984ల మొనాకో దగ్గర సముద్రంల కాలర్పా టాక్సిఫోలియా కొంచెం కనపడ్డది, తర్వాత మధ్యధరా తీరం మీద ఎంత దూరం పాకిందో అందరికీ తెల్సిందే. మన చెరువుల ఉప్పు నాచు బతకకపోవచ్చు, కని ఆ ఉప్పునీళ్లూ, వాటిల ఉండే క్రిములూ పోతయి కదా. చేటోను మంచినీళ్లల్ల రెండు మూడు సార్లు నానబెట్టి ఉప్పు వదిలినంక ఎండబెడితే కుండీలకు ఎరువు అయితది. ట్యాంకు ఉప్పునీళ్లు మాత్రం చెట్లకు పొయ్యొద్దు, ఇంటి మోరీకే పోనియ్యండి.

చేటో తీసేటప్పుడు పిండి కిచెన్ తూకం మీద పెట్టి బరువు రాసుకోండి. రెండు మూడు వారాలకు ఒకసారి మూడో వంతు నుంచి సగం దాక తీసెయ్యాలె. బరువు పెరగట్లేదంటే వెలుగో, వేగమో, వేడో, ఏదో ఒకటి తక్కువ ఉన్నట్టు. నైట్రేట్ సున్నా దగ్గరకు వచ్చినప్పుడు చేటో మల్ల తెల్లబడుతది. అప్పుడు లైటు గంటలు తగ్గించాలె, చేటో పారెయ్యొద్దు. సున్నాల ఉంటే గోధుమరంగు డైనోఫ్లాజెలేట్లు (ఇంకో రకం సూక్ష్మజీవులు) వస్తయి, వాటితోని పడుడు ఈ ఎర్ర జిగురు కంటే కష్టం.

ఎర్ర జిగురుకు మందులు, ముఖ్యంగ ఎరిత్రోమైసిన్ లాంటి యాంటిబయాటిక్ వెయ్యకుర్రి. ఆ జిగురు నాచు కాదు, సయనోబాక్టీరియా. దాన్ని చంపే మందు మనకు కావాల్సిన బాక్టీరియాను కూడ చంపుతది, అమ్మోనియా లేస్తది. ఒండ్రు తీస్తే, నీళ్లు కదిలితే దానికి ఇల్లు లేకుండ పోతది.

పైన ట్యాంకు డ్రైన్ సంపుల పడే చోట 200 మైక్రాన్ల ఫిల్టర్ సాక్ (మురికి పట్టే సంచి) పెట్టండి. మూడు నాలుగు రోజులకు తీసి మార్చాలె. రెండు మూడు సాకులు ఉంచుకొని, వాడినవి తిరగేసి నల్లా ధారతోని కడిగి, సబ్బు లేకుండ వేడినీళ్లల్ల ఉంచి ఎండబెట్టాలె. వారం దాటినా మార్చని సాక్ నైట్రేట్ ఫ్యాక్టరీ. మీ టీ పైపు రిటర్న్ నుంచి వస్తది కాబట్టి సాక్ దాటిన నీళ్లే రెఫ్యూజియంకు వస్తయి, అది మంచిదే.

మిర్యాలగూడ_చేటో:

వేడి, కరెంటు గురించి. 31 డిగ్రీలు చేటోకు ఎక్కువ, 24 నుంచి 27 మధ్యలో బాగా పెరుగుతుంది. చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) లేకుంటే సంపు నీటి మీదికి 12 వోల్టుల చిన్న ఫ్యాన్లు రెండు వాలుగా పెట్టండి. గాలి పొడిగా ఉండే ఏప్రిల్, మే నెలల్లో రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఆవిరి కూడా పెరుగుతుంది, టాప్‌అప్ లెక్క మారుతుంది. వానాకాలం ముసురులో ఫ్యాన్ అంతగా పనిచేయదు.

కరెంటు పోయినప్పుడు పైన ట్యాంకు నీళ్లు రిటర్న్ పైపు గుండా వెనక్కి సంపులోకి దిగుతాయి. మీ ట్యాంకుకు ఒక అంగుళం అంటే 120 × 45 × 2.5, అంటే 13.5 లీటర్లు. సంపు అడుగు కొలత 90 × 38, అందులో 13.5 లీటర్లు 4 సెంటీమీటర్ల ఎత్తు. రెండు అంగుళాలు దిగితే 8 సెంటీమీటర్లు. నీళ్లు ఆడుతున్నప్పుడు సంపు పైన అంత ఖాళీ, ఇంకొంచెం ఎక్కువే ఉండాలి. రిటర్న్ పైపుకు నీటి మట్టానికి ఒక సెంటీమీటర్ కింద సైఫన్ తెగే రంధ్రం ఉంటుంది. చేటో పోగో, నత్తో అందులో ఇరుక్కుంటే నీళ్లు ఆగవు, నేల మీదికి వస్తాయి. ఆ రంధ్రాన్ని ప్రతి వారం పుల్లతో పొడవండి. వారానికి ఒకసారి మోటరు ఆపి నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయో చూసి, సంపు అద్దం మీద మార్కర్ గీత పెట్టుకోండి.

రెఫ్యూజియం నుంచి రిటర్న్ అరకు పోయే చోట ప్లాస్టిక్ జాలీ ఉండాలి. తునిగిన చేటో మోటరు ఫ్యాన్‌కు చుట్టుకుంటే ధార తగ్గుతుంది, మోటరు వేడెక్కి అదే నీటిని వేడి చేస్తుంది. జాలీని రెండు రోజులకు ఒకసారి పాత పళ్ల బ్రష్‌తో రుద్దండి.

ఇన్వర్టర్ మీద ముందు రిటర్న్ మోటరు, తర్వాత ఫ్యాన్. రెఫ్యూజియం లైటు అక్కర్లేదు. ఇన్వర్టర్ లేకుంటే బ్యాటరీ ఎయిర్ పంపు పైన ట్యాంకులో పెట్టండి. నీళ్లు ఆగి, లైటు కూడా ఆరిన చేటో ఆక్సిజన్ తీసుకుంటుందే గానీ ఇవ్వదు. కోత రెండు గంటలు దాటి నీళ్లు మళ్లీ వస్తే, టీ వాల్వును ఒక్కసారే పూర్తిగా తెరవొద్దు. అప్పటిదాకా దిగిన ఒండ్రు అంతా ఒక్కసారి లేస్తుంది.

నల్లగొండ_సంప్:

నాలుగు వారాల లెక్క. ఇసుక మొత్తం బయటకు వచ్చింది, మూడో పావుల రూపాయి బిళ్లంత నల్ల మచ్చలు రెండు ఉండె, అక్కడ సైఫన్ ఆపకుండ తీసిన, చేపలకు ఏం కాలేదు. నీటి వేగం లీటరుకు 13 సెకండ్లు. 30 వాట్ల లైటు 14 గంటలు. మధ్యాహ్నం వేడి 28. నైట్రేట్ 40 నుంచి 25. చెకర్ 115 నుంచి 72, అంటే 0.22. చేటో ఏరినంక 180 గ్రాములు మిగిలింది, ఇప్పుడు 310. ఎర్ర జిగురు ఒక మూలకు చేతి వేలంత మిగిలింది. టీడీఎస్ 0.

ఒక కొత్త సంగతి: రెఫ్యూజియం అద్దాల మీద, చేటో పై పోగుల మీద గోధుమరంగు పొడి పడుతుంది. తుడిస్తే పోతది, రెండు రోజులకు మల్ల వస్తది.

మిర్యాలగూడ_చేటో:

వేలితో రుద్దినప్పుడు పిండిలాగా రాలితే అవి సూక్ష్మమైన నాచు, డయాటమ్‌లు. ఇన్నాళ్లు 45 టీడీఎస్ నీళ్లతో వచ్చిన సిలికేట్ ఇంకా లోపల ఉంది, దాన్ని తిని పెరుగుతున్నాయి. కొత్తగా సిలికేట్ చేరకుంటే వాటంతట అవే తగ్గుతాయి, వారం వారం 25 లీటర్ల మార్పిడి ఇంకో నెల ఆపకండి. రెసిన్ అయిపోయేటప్పుడు అన్నిటికంటే ముందు జారేది సిలికేటే, మీటరు 0 చూపిస్తున్నప్పుడే కొంత దాటుతుంది. రంగు మారే రెసిన్ అయితే మూడు వంతులు రంగు మారగానే మార్చండి, చివరి దాకా ఆగొద్దు.

పాలమూరు_రీఫ్:

ఆ మూలకు నీళ్లు తగులుతలేవు, అందుకే అక్కడ జిగురు మిగిలింది. పైపు మూతికి 45 డిగ్రీల ఎల్బో పెట్టి ఆ మూలకు తిప్పండి. చేటోను పొడి పట్టినంత మేర బకీటుల జాడిచ్చి మల్ల వెయ్యండి. 310ల నుంచి 100 గ్రాములు ఇప్పుడే తీసెయ్యొచ్చు, అడుగున ఉండే పాతది తియ్యండి, పైన కొత్తగ వచ్చింది ఉంచండి. పీకేసింది బకీటుల జాడియ్యకుండ పారెయ్యకుర్రి, పురుగులన్నీ దాంట్లనే ఉంటయి.